టైరు పట్టుకోకుండా నిలబడటం

మొన్న ఆదివారం ఉప్పల్‌లో, మెట్రో స్తంభాల నీడలో ఉన్న ఒక కార్ల సామాన్ల దుకాణం ముందు, ఏడు పదుల వయసుకు దగ్గరపడ్డ నేను ఒక జీపు వెనక బంపర్ మీదికెక్కి, రెండు చేతులూ గాలిలో పెట్టి నిలబడి నలుగురిలో నవ్వులపాలయ్యాను. జీపు మా అల్లుడిది. బండితో పాటు వచ్చిన బంపర్ నిక్షేపంలా ఉన్నా దాన్ని ఊడబీకించి, కొండలెక్కాలట, లావుపాటి ఇనుప బంపరూ, దానికి స్టెప్నీ టైరును మోసే చట్రమూ పెట్టించాడు. ఇంటి నుంచి పోచారంలోని తన ఐటీ ఆఫీసు దాకా వాడు ఎక్కే కొండలంటే నాకు తెలిసినంతవరకు స్పీడ్ బ్రేకర్లే. సామానంతా అట్టపెట్టెలో వచ్చింది. గంటన్నరలో బోల్టులు బిగించేశారు, ఒక్క నిప్పురవ్వ రాలితే ఒట్టు. నా కాళ్లు ఊరుకోక ఎక్కాను.

“ఓ పెద్దాయనా, ఏం జేస్తున్నవ్? దిగు, గీతలు వడ్తయ్! దిగవా, జర టైరన్న వట్టుకో, వడిపోతవ్!” అని దుకాణం వాడు అరిచాడు. మా అల్లుడు సిగ్గుపడిపోయి, “మామా, గవన్నీ కంపెనీలనే టెస్ట్ జేసి పంపుతరు” అన్నాడు. వాళ్ల తప్పేమీ లేదు. కానీ టైరు పట్టుకో అన్న ఆ మాట విన్నాక, ఇంటికొచ్చి అన్నం కూడా తినబుద్ధి కాలేదు.

మన ఈడు వాళ్లకు నాచారం రేకుల షెడ్లు గుర్తుండే ఉంటాయి. వాటిలో ఒకటి మా మేనమామది. భువనగిరి పక్క పల్లెలో చదువు అబ్బక తిరుగుతున్న నన్ను తెచ్చుకుని, తన కొడుకుతో సమానంగా వెల్డింగ్ నేర్పాడు. ఆ కొడుకే మా బావ, నాకంటే రెండేళ్లు పెద్ద. ఒకే కంచంలో తిన్నామని అందరూ ఊరికే అంటుంటారు గానీ, మేము నిజంగానే తిన్నాం, ఎందుకంటే షెడ్డులో ఉన్నది ఒక్క కంచమే. మా మామకు ఒక నియమం ఉండేది. బండి వెనక ఏది అతికించినా, అతికించినవాడే దానిమీద నిలబడి ఉప్పల్ చౌరస్తా దాకా వెళ్లి రావాలి. బండి మామ నడిపేవాడు. “నువ్వు అతికిచ్చిన దాని మీద ముందుగాల నువ్వు నిలవడు, తర్వాత పరాయోని పానం దానికి అప్పజెప్పు” అనేవాడు. పైన టాపు కమ్మీ పట్టుకోవచ్చు, టైరును మాత్రం ముట్టకూడదు. ఎందుకు ముట్టకూడదో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

సైనిక్‌పురి నుంచి ఒక సుబేదారు గారు పాత మిలిటరీ జీపు తెచ్చాడు. సామాను వేసుకోవడానికి లోపల చోటు కావాలి, స్టెప్నీని వెనక బయటికి మార్చమన్నాడు. బంపరూ, తలుపులా తెరుచుకునే టైరు చట్రమూ నాకు అప్పజెప్పాడు మామ. అంత పెద్ద పని ఒంటరిగా చేయడం అదే మొదలు, నేల మీద కాళ్లు నిలవలేదు నాకు. చట్రం మూసినప్పుడు బంపర్ మీది రంధ్రంలోకి ఒక పిన్ను దిగాలి. వెల్డింగ్ వేడికి ఇనుము గుంజుకుంటుందని తెలిసీ తొందరలో చల్లారనివ్వకుండా ఒకేవైపు వేసుకుంటూ పోయాను. చట్రం పక్కకి జరిగింది, పిన్ను దిగలేదు. కోసేసి మళ్లీ అతికించాలి. మామ చూస్తే పరువు పోతుందని, ఆయన చాయ్ తాగి వచ్చేలోపు ఆకురాయితో రంధ్రాన్ని రాకి కోలగా చేసి పిన్ను దించేశాను.

పరీక్షకు బంపర్ ఎక్కాను. హబ్సిగూడ దగ్గర గుంతలో పడ్డప్పుడు టైరు ఒక్కసారి నా రొమ్మును కొట్టింది. పిన్ను ఆడుతోందని ఆ దెబ్బకే తెలిసింది. కమ్మీ వదిలేసి, రెండు చేతులతో టైరును కావలించుకున్నాను. నేను అదిమి పట్టుకుంటే ఇంకెక్కడి చప్పుడు? చౌరస్తా దాకా వెళ్లి వచ్చినా చట్రం కిక్కురుమనలేదు. ముందు కూర్చుని బండి నడిపే మామకు నా చేతులు ఎలా కనబడతాయి? “శబాష్ రా అల్లుడా” అన్నాడు. భయపడి పట్టుకున్నానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. దాచడానికే పట్టుకున్నాను.

రంగు వేసి ఆరాక స్టెప్నీ తగిలించి, చట్రం మూసి, పిన్ను పెట్టింది మా బావ. సుబేదారు గారు బండి బయటికి తీస్తుంటే మామ గేటు రాతిస్తంభం పక్కన నిలబడి, స్తంభం మీద కుడిచెయ్యి ఆనించి, ఎడంచేత్తో దారి చూపుతున్నాడు. ముందుచక్రాలు మోరీ బండ మీంచి దబ్బున దిగాయి. పిన్ను ఎగిరిపోయింది. చట్రం టైరుతో సహా విసురుగా తెరుచుకుని ఆ చేతిని రాతికేసి నలిపేసింది. మామ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

దవాఖానాలో కట్టుతో పడుకుని మామ అడిగింది ఒక్కటే. “పిన్ను ఎవడు వెట్టిండ్రా?”

“నేనే, బాపూ” అన్నాడు బావ.

“పిన్ను వెట్టుడు రానోడు ఇనుము ముట్టొద్దు. షెడ్డుల అడుగు వెట్టకు.”

నేను ఆ మంచం కాళ్ల దగ్గరే నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. నోరు పెగల్లేదు అని రాయవచ్చు గానీ, పెగలకపోవడమేమిటి, నేనే మూసుకున్నాను.

మర్నాడు బట్టలు తీసుకోవడానికి బావ షెడ్డుకు వచ్చాడు. జీపు ఇంకా అక్కడే ఉంది. వంగి ఆ రంధ్రంలో బొటనవేలు పెట్టి తిప్పాడు. లోపలి ఆకురాయి గీతలు తగిలే ఉంటాయి. “బామ్మర్దీ, టైరు వట్టుకొని నిలవడ్డవా?” అని మెల్లగా అడిగాడు. “లే బావా, కమ్మీనే వట్టుకున్న” అన్నాను. నా ముఖంలోకి కాసేపు చూసి, “సరే తియ్” అని మూట భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మామ చెయ్యి మళ్లీ వెల్డింగ్‌కు పనికి రాలేదు. షెడ్డు నా చేతికి వచ్చింది. పనికి రాని చేతిని ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని, వచ్చిన ప్రతివాడికీ నన్ను చూపించి “గిప్పుడు నా మేనల్లుడే నా కుడిచెయ్యి” అనేవాడు. అన్నప్పుడల్లా నేను వెల్డింగ్ అద్దం ముఖానికి అడ్డం పెట్టుకునేవాణ్ని. కొడుకు చేతకానివాడని నమ్ముతూనే మామ పోయాడు. బావ ఏవేవో పనులు చేసి, ఈ వయసులో పోచారంలో మా అల్లుడి ఆఫీసు గేటు దగ్గరే వాచ్‌మన్‌గా ఉన్నాడు. పెళ్లిళ్లలో కలిస్తే నా విస్తరి దగ్గరికి వచ్చి కొసరి వడ్డిస్తాడు. ఒక్కసారి తిట్టినా బాగుండేది, ఆ తిట్టు కూడా నాకు దక్కనివ్వలేదు, దుర్మార్గుడు.

ఇప్పుడంతా మారిపోయింది. ఎక్కడో కంపెనీలో ఎవరో చేస్తారు, ఇంకెవరో బిగిస్తారు, చేసినవాడు దానిమీద నిలబడనక్కరలేదు. తప్పు జరిగితే అట్టపెట్టె మీది నంబరుకు ఫోన్ చేయాలట. మా రోజులే మంచివని అందరిలాగా అందామంటే నాకు నోరు రాదు. మా రోజుల్లో నిలబడే నియమం ఉండేది, దాన్ని నాలాంటివాడు కావలించుకుని చంపాడు.

నిన్న సాయంత్రం అల్లుడు ఆఫీసు నుంచి వచ్చి నవ్వుతూ చెప్పాడు. “మామా, మీ బావకు జర చాదస్తం ఎక్కువైంది. రోజూ గేటు కాడ మన బండి ఒక్కదాన్నే ఆపుతుండు. స్టెప్నీని గట్టిగ గుంజి సూసి, పిన్ను మీద బొటనేలు వెట్టి, తర్వాతనే పో అంటుండు.”

నా బిడ్డ కూర్చునే బండి అని బావకు తెలుసు. మొన్న ఆ బంపర్ మీద రెండు చేతులూ వదిలేసి నిలబడ్డాను చూడండి, సరిగ్గానే నిలబడ్డాను. ఒకప్పుడు హబ్సిగూడ గుంత దగ్గర అలా టైరు ముట్టకుండా నిలబడి ఉంటే, ఈ రోజు షెడ్డులో కూర్చోవలసినవాడు గేటు దగ్గర నిలబడేవాడు కాదు.