మరాఠీ ఒకటి, ఇంగ్లీషు తొమ్మిది

మా మెకానిక్స్ సారు పోయారని మొన్న నాందేడ్ నుంచి పాత క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. "తక్లీఫ్ ఏం పడలేదురా. బువ్వ తిని ఒరిగిండు, మళ్ల లేవలే" అన్నాడు. ఏడుపొచ్చింది. ఆయన బాధపడలేదన్న మాటకు గుండె కాస్త కుదుటపడింది కూడా.

డెబ్బైల్లో, పాలిటెక్నిక్‌లో ఆ ఒక్క సబ్జెక్టూ నేను రెండుసార్లు తప్పాను. నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్‌లో సేద్యం చేసే మా నాన్న "ఈసారి గూడ తప్పితె పత్తిచేనే నీ కాలేజి" అని తేల్చేశాడు. సారు నా హోంవర్క్ చూసి తల పట్టుకున్నారు. సగం లెక్క మార్జిన్లో, సగం బొమ్మ కింద, జవాబు ఎక్కడో మూలన.

"లెక్క నీకస్తది బిడ్డా. రాసుడే రాదు. దిద్దెటోనికి ఎట్ల తెల్వాలె?"

"జవాబు కరెక్టే గద సార్?"

"జవాబు సరే. అచ్చిన తొవ్వ ఏది?"

ఇక ఆదివారాలు ఆయనింట్లోనే. లెక్కలో ఇచ్చినవన్నీ ముందు పైన రాయాలి. ఆ తర్వాతే బొమ్మ. వరుసకు ఒక్క మెట్టే. స్కేలు లేకుండా గీత గీస్తే చాయ్ వచ్చేది కాదు. "కాయిదం సాఫ్ ఉంటె తప్పు గూడ సాఫ్ కండ్లవడ్తది" అనేవారు. ఉత్త చాదస్తం అనుకునేవాణ్ణి.

మూడోసారి పరీక్షలో దూలం లెక్క వచ్చింది. రెండు ఆధారాల మీదా పడే భారం విడివిడిగా కట్టి కలిపితే, దూలం మీదున్న మొత్తం బరువుతో సరిపోలేదు. కొట్టెయ్యకుండా పైనుంచి వరుస వరుసా చదివాను. పైన ఒక టన్ను అని శుభ్రంగా ఉంది. కింద తొందరలో, మరాఠీ బడి అలవాటు కొద్దీ, మరాఠీ ఒకటి వేశాను. అది అచ్చం ఇంగ్లీషు తొమ్మిదిలా ఉంటుంది. తర్వాతి వరుసలో దాన్ని తొమ్మిదిగానే చదువుకున్నాను! ఆ కాస్తా దిద్దితే లెక్క కుదిరింది. పాసయ్యాను. అమ్మయ్య అని అంత గట్టిగా మళ్ళీ ఎప్పుడూ అనుకోలేదు.

సంగతి చెబితే సారు పడీపడీ నవ్వారు. "మా ఇంటికి గూడ గదే బీమారిరా" అంటూ తలుపు చూపించారు. దాని మీద ఇంటి నంబరు మరాఠీ ఒకటి. కొత్తవాళ్ళు తొమ్మిదో ఇల్లనుకుని ముందుకు పోయేవారట. ఆ రోజే పక్కన ఇంగ్లీషు ఒకటి కూడా రంగుతో వేశారు, స్కేలు పెట్టి మరీ.

మొన్న ఆ ఫోన్ రాగానే బయలుదేరి సారు ఇంటికి వెళ్ళాను. రంగు వెలిసినా తలుపు మీద రెండు ఒకట్లూ పక్కపక్కనే ఉన్నాయి. నేను వాకిట్లో ఉండగానే ఎవరో కొత్తమనిషి ఇళ్ళ నంబర్లు చూసుకుంటూ వచ్చాడు. తలుపు వంక చూసి, ఎవరినీ అడక్కుండానే చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు.