తుపాకులొద్దన్న పెళ్ళికూతురు

మా నాన్న తెలివితేటలన్నీ చివరికి మా అమ్మ నెత్తినో నా నెత్తినో పడేవి. మన దేశపు ఉపగ్రహం మొదటిసారి పైకెళ్ళిన ఏడాది నేను బెజవాడలో బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. గన్నవరం నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి మిలిటరీ ఆఫీసరు. ఫోటో ఒకసారి చూశానంటే అబద్ధం, ఫిజిక్స్ పుస్తకంలో పెట్టుకుని రోజూ చూసేదాన్ని. నచ్చాడు, అంతే. బుకాయించడం దేనికి?

మా వైపు పెళ్ళిచూపులకు ముందే మగపెళ్ళివారు పిల్లను చాటుగా చూసిపోవడం అలవాటు. ఆదివారం చర్చిలో ఆ పని అయిపోయేది. మా నాన్నకు అది చాలలేదు. చర్చిలో ముసుగేసుకున్న పిల్ల మొహం ఏం కనిపిస్తుందని, వాళ్ళను మా కాలేజీ డిబేటుకు రమ్మన్నారు. నాకు మాటమాత్రం చెప్పలేదు. విషయమేమిటో ఆయనా అడగలేదు.

విషయం, సైన్యం ఖర్చు తగ్గించి అంతరిక్ష పరిశోధనకు పెట్టాలా వద్దా అని. నేను పెట్టాలన్న పక్షం. అసలే నోరెక్కువ, పైగా మైకు. తుపానును పైనుంచి ముందే కనిపెట్టే ఉపగ్రహాలుంటే బందరు తీరంలో చేపల వేటకెళ్ళినవాళ్ళు ఇళ్ళకు తిరిగొస్తారన్నాను. ఫిరంగి గుండు పేలితే ప్రాణం పోతుంది, పేలకపోతే తుప్పు పడుతుంది, దానికా మన సొమ్ము అన్నాను. హాలంతా చప్పట్లు. మూడో వరసలో మా నాన్న తల పట్టుకుని కూర్చున్నారు. పక్కన ఒక పెద్దావిడ. ఆవిడ పక్కన, ఫోటోలోని అబ్బాయి!

మొదటి బహుమతి నాకే వచ్చింది. రిక్షాలో ఇంటిదాకా ఏడుస్తూనే ఉన్నాను.

"బంగారంలాంటి సంబంధం, చేతులారా చెడగొట్టుకున్నావు కదే!" అన్నారు నాన్న.

"ఒక్క మాట ముందు చెబితే మీ సొమ్మేం పోయేది నాన్నా?"

"తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఇద్దరే," అని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే తల్లీకొడుకులు మా గుమ్మంలో దిగారు. వద్దని చెప్పడానికే వచ్చారనుకున్నాం. నాన్న చేతులు నలుపుకుంటూ, "చిన్నపిల్లండీ, ఏదో పోటీ కోసం అలా వాగింది," అన్నారు.

కాఫీ తెస్తున్న నాకు ఒళ్ళు మండింది. పోతే పోయింది సంబంధం అనుకున్నాను.

"పోటీ కోసం కాదండీ, అనుకున్నదే చెప్పాను," అన్నాను. అబ్బాయి తలొంచుకుని నవ్వుతున్నాడు. పెద్దావిడ నవ్వలేదు. నా చేతిలో పళ్ళెం తీసి పక్కన పెట్టి, నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"మొన్నటి యుద్ధంలో మనం గెలిచామని వీధంతా మిఠాయిలు పంచుకుంటుంటే, వీడున్నాడో లేడో తెలీక నేను గుమ్మంలో కూర్చున్నానమ్మా. అప్పుడు నా నోట రాని మాటలన్నీ నిన్న నువ్వన్నావు. నేను చెబితే వీడు ఎలాగూ వినడు. నువ్వు మా ఇంటికొచ్చి చెప్పు తల్లీ."