గోనెసంచిలో సెమీ ఆటోమేటిక్

ఆ రోజుల్లో నాకు రాని విద్య లేదని నాకు గట్టి నమ్మకం. ఇరవై మూడేళ్ళ వయసు, మెడలో ఓడల ఏజెంటు ఆఫీసు ఐడీ కార్డు, ఇంట్లో మేకుకి వేలాడే ఎన్‌సీసీ మెడల్ (కాలేజీలో రైఫిల్ షూటింగులో వచ్చింది, రెండో బహుమతే గానీ, మొదటిదని చెప్పుకునేదాన్ని). జాలరిపేటలో మా వీధి నుంచి పోర్టు దగ్గర ఆఫీసులో కుర్చీ ఎక్కిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ కుర్చీకి ఒక కాలు ఊగేదన్న సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ గర్వం కొంత నాలో ఇంకా మిగిలే ఉంది. అబద్ధమెందుకు!

నాన్న బోటు మీద పదిహేనేసి రోజులు వేటకు పోయేవాడు. పోయేటప్పుడు గుమ్మంలో ఆగి, "ఇల్లు జాగర్తమ్మా. నువ్వున్నావన్న దైర్నంతోనే ఎల్తన్నాను" అనేవాడు. అమ్మ తెల్లారేసరికి జెట్టీకి పోయి, వేలంలో చేపలు పాడుకుని, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళో అమ్మేది. అలా మేమిద్దరం బయట ఉన్న ఒక పొద్దున ఎవడో మా తాళం విరగ్గొట్టి ఇత్తడి బిందె, నాన్న రేడియో, అమ్మ వెండి కడియాలు పట్టుకుపోయాడు. అవి పోతే పోయాయి. మర్నాటి నుంచి అమ్మ గంప ఎత్తడం మానేసింది. "నానెల్తే ఇల్లెవులు సూత్తారే?" అని గోడకానుకుని కూర్చుండిపోయింది. పది రోజులైనా లేవలేదు. నోరు విప్పితే మూడు వీధులకు వినపడే మనిషి అలా మాటాపలుకూ లేకుండా కూర్చుంటే నాకు నిజంగానే భయం వేసింది.

"నాను తుపాకీ కొంతానమ్మా" అన్నాను.

"ఏటి?"

"తుపాకీ. ఇంటి కాపలాకి. అప్పుడు నువ్వెల్తావు గదా?"

"ఒలమ్మో! మీ నాన్నొచ్చీసరికి నీకు పిచ్చెక్కిపోనాది" అంది గానీ, వద్దని మాత్రం అనలేదు. పది రోజుల్లో అమ్మ మాట్లాడిన పెద్ద మాట అదే.

లైసెన్సుకి అర్జీ పెట్టేసి, అది వచ్చేలోగా సరుకు ఎంచుకుని సిద్ధంగా ఉందామని పాత ఊళ్ళో ఒక తుపాకుల దుకాణానికి వెళ్ళాను. (పెళ్ళికొడుకు కుదరకముందే చీర కొన్నట్టు.) కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన ఒకాయన పేపరు చదువుకుంటున్నాడు. నేను మెడల్ సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన తల ఊపి రెండు గొట్టాల తుపాకీ చూపించాడు. "ఇది నమ్మకమైనదమ్మా. రెండు తూటాలు పెడతాం, రెండు పేలుస్తాం. చిక్కూ చికాకూ ఉండదు."

"దొంగలు ముగ్గురొస్తేనో?" అన్నాను, ఎదురులేని ప్రశ్న వేశాననుకుని.

ఆయన నవ్వి గోడ మీదున్న సెమీ ఆటోమేటిక్ దించాడు. ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా ఒకటి పేలుతుంది, ఖాళీ తూటా దానంతటదే బయటపడి కొత్తది లోపలికొస్తుంది, అలా అయిదు. నల్లగా నిగనిగలాడుతూ ఎంత బాగుందో! "సముద్రం పక్కన ఇల్లంటున్నారు. ఉప్పు గాలికి తుప్పు పడుతుంది, రోజూ తుడుచుకోవాలి. సరే గానీ, మీ గోడల అవతల ఎవరుంటారు?" అని అడిగాడు.

"ఈ పక్క పిన్నోళ్ళు, ఆ పక్క మావయ్యోళ్ళు, వెనక అత్తోళ్ళు."

"ముందు?"

"ముందు వీధి. అక్కడ అందరూ కూర్చుంటారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి ఏ పక్కకి కాలుస్తారమ్మా?"

గంభీరంగా మొహం పెట్టాను. ఏమీ తోచనప్పుడు అలా పెట్టడం ఎన్‌సీసీలోనే నేర్చుకున్నాను. లైసెన్సు లేనిదే చేతికివ్వనన్నాడు కాబట్టి, గాజుబల్ల మీదున్న తుపాకీ పక్కన నా చున్నీ పరిచి, పొడవుకి సరిగ్గా ముడేసుకుని వచ్చేశాను. రాజమార్గంలో నడిచినట్టే నడిచాను ఆ రోజు.

ఇంటికొచ్చి నాన్న పాత తెడ్డుని ఆ ముడి దగ్గరికి కోశాను. బరువు తెలియడానికి వలకు కట్టే సీసం ముక్కలు దానికి చుట్టాను. ట్రిగ్గరుకి ఒక మేకు. ఇక సాధన. లోపలి గదిలోంచి ముందు గదిలోకి చటుక్కున తిరిగితే కొస గుమ్మానికి తగిలేది, వెనక్కి లాగితే మొదలు అలమరకి తగిలి స్టీలు ప్లేట్లన్నీ కిందపడేవి. దొంగ ఎవరో గానీ, వాడికి నేను తిరిగేదాకా ఆగే ఓపిక ఉండాలి. అమ్మ కూర్చున్నచోటునుంచే చూస్తోంది. నాలుగోసారి ప్లేట్లు పడ్డాక నవ్వేసింది. కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, "అయిదు పేలతాయేటే?" అని అడిగింది.

"వరసగా అయిదు."

మర్నాడు లేచి చూస్తే అమ్మ లేదు, గంప లేదు. తెడ్డు మాత్రం గోనెసంచిలో చుట్టి తలుపు పక్కన నిలబెట్టి ఉంది. తర్వాత తెలిసింది, ఆ కబురు కడుపులో దాచుకోలేకపోయింది మా అమ్మ. జెట్టీలోను, చేపలమ్మే ప్రతి గుమ్మంలోను, "మా గుంట తుపాకీ తెచ్చినాది. ఆటోమేటిక్!" అని చెప్పుకుంది. తెస్తుంది అనాల్సింది తెచ్చింది అయిపోయింది. నేనూ సరిదిద్దలేదు. చేపలు అమ్మినంత సేపూ గొంతు మూడు వీధులకీ వినపడుతుంటే ఎలా సరిదిద్దను?

ఒక శనివారం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా ఇంటి ముందు జనం. అర్జీ మీద విచారణకి హెడ్ కానిస్టేబులు వచ్చాడు. ఈ ఇంటికి ముప్పేమైనా ఉందా అని ఆయన పక్కింటి పిన్నిని అడిగితే, పిన్ని మా పరువు నిలబెట్టాలని, "ముప్పేటి బాబూ! తుపాకీ ఎప్పుడో వచ్చీసినాది గదా. గోనెసంచిలో ఉంతాది, అయిదు పేలతాయట!" అని చెప్పేసింది.

"లైసెన్సు లేకుండానా?" ఆయన కలం ఆగిపోయింది. "తీయండి బయటికి!"

అమ్మ మొహంలో నెత్తురు లేదు. అందరి ముందు ఆ సంచి విప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. "సార్, లోపలికొచ్చి చూడండి" అని బతిమాలి తీసుకెళ్ళాను. సంచి విప్పి, సీసం చుట్టిన తెడ్డుని ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. మేకు నొక్కాడు.

"ఇదేటమ్మా?"

"పొడవూ బరువూ అలవాటవ్వాలని సార్. ఇది బయట చూపిస్తే మా అమ్మ రేపు గంప ఎత్తదు. దొంగతనమయ్యాక పదిరోజులు గడప దాటలేదు."

ఆయన తెడ్డుని నా చేతిలో పెట్టాడు. "ఏదీ, ఎలగ తిరుగుతావో సూపించు" అన్నాడు. చటుక్కున తిరిగాను. అలమర మొత్తం ప్లేట్లతో సహా కూలింది. బయట, "పేలిందొలే!" అని ఒకటే కేక, వీధి వీధంతా పరుగు.

ఆయన మీసాల్లో నవ్వు దిగమింగుకుని బయటికెళ్ళి, టోపీ సర్దుకున్నాడు. "సూసినాను. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి" అన్నాడు. అది అక్షరాలా నిజం. మా అమ్మ తల ఎత్తి నిలబడిన తీరు నేను జన్మలో మరిచిపోను.

కొన్నాళ్ళకి, ప్రాణానికి ముప్పున్నట్టు ఆధారం లేదు కాబట్టి లైసెన్సు ఇవ్వలేమని ఉత్తరం వచ్చింది. చదివి వినిపిస్తే, అమ్మ "ముప్పు లేదని గవర్నమెంటోళ్ళే రాసిచ్చినారా? మంచిదే గదా!" అని దాన్ని నా మెడల్ పక్కన మేకుకి గుచ్చింది. ఒకసారి నాన్న వేట నుంచొచ్చి పాత తెడ్డు వెతుక్కుని, "నా తెడ్డెవులు కోసీసినారు?" అని అరిస్తే, "ఊరుకోవయ్యా! అది తెడ్డు కాదు" అంది.

ఇప్పుడు నేనుండేది గాజువాకలో, గుమ్మానికి కెమెరా ఉన్న ఫ్లాట్లో. మొన్న పేటకి వెళ్ళినప్పుడు ఆ సంచి విప్పి తెడ్డు భుజానికెత్తాను. మోచెయ్యి కలుక్కుమంది. అయినా చటుక్కున తిరిగాను, దేనికీ తగల్లేదు. అప్పుడు గానీ గమనించలేదు, కూలిన అలమరని అమ్మ ఎప్పుడో ఎదుటి గోడకి మార్పించేసింది.

"లైసెన్సు రాలేదని తెలిసి కూడా ఎందుకు మార్పించినావమ్మా?" అని అడిగాను.

"నువ్వు మళ్ళీ అర్జీ ఎడతావనుకున్నాను" అంది, చేప పొలుసు తీస్తూ. "నీకు తిరగడానికి సోటుండాల గదా."