ఇత్తడి అతుకున్న డబ్బా

2018 ఎండాకాలం. భువనగిరిలో, కోట గుట్టకు కనుచూపు మేరలో మా రేకుల షెడ్డు. పాత జీపులను విప్పి, బాగుచేసి, మళ్ళీ రోడ్డెక్కించడం నా పని. ఒకప్పుడు పల్లెల్లో తిరిగే కిరాయి జీపులతో షెడ్డు కిటకిటలాడేది. ఆటోలు వచ్చాక వాటి కాలం తీరిపోయింది. ఆ తర్వాత హైదరాబాదు నుంచి షోకు కోసం పాత జీపులు కొన్నవాళ్ళు రావడం మొదలైంది.

వాళ్ళతో నాకు ఒకటే తంటా. ప్రతి దానికీ ‘ఒరిజినల్’ కావాలంటారు. బండి పుట్టిన కాలంలో తయారై, ఎవరూ వాడకుండా డబ్బాలో ఉండిపోయిన సామానును మేము న్యూ ఓల్డ్ స్టాక్ అంటాం. అది దొరకడం అదృష్టం. దొరక్కపోతే తుక్కు దుకాణాలు, మిలటరీ వేలం సరుకు, అదీ కాకపోతే లేత్ మిషన్ మీద కొత్తగా చేయించుకోవడం. పనిచేసే సామాను ఏదైనా నాకు ఒరిజినలే. అద్దం వెనక కంపెనీ ముద్ర లేదని అలిగి వెళ్ళిపోయిన ఒక పెద్దమనిషిని సాగనంపి, వాడి మీద కోపం ఇంకా చల్లారకముందే అంజయ్య కాక వచ్చాడు.

ఆలేరు పక్క పల్లెటూరు. డెబ్బై దాటిన మనిషి, ఒకప్పటి కిరాయి జీపు డ్రైవరు. జీపును ట్రాక్టరు ట్రాలీలో వేసుకొచ్చాడు. జీపు అనడం మర్యాదకే గానీ, మిగిలింది అస్థిపంజరం. పైకప్పు ఏదంటే కోళ్ళ గూడు మీద ఉందన్నాడు. వెనక సీటు కల్లు మండువలో ఉందట. రెండు చక్రాలు వియ్యంకుడి టైరు బండికి పోయాయి. బానెట్ మీద కోడలు బట్టలు ఉతుకుతోంది. చచ్చిన ఏనుగు కూడా అంతమందికి పనికొచ్చి ఉండదు.

“అవన్ని నేను తెచ్చిస్త మేస్త్రీ. నువ్వు బండిని మళ్ళ ఫోర్ వీల్ జెయ్యాలె,” అన్నాడు.

ఇక్కడ కాస్త వివరం చెప్పాలి. పాత జీపుల్లో గేరుబాక్సు వెనక మరో ఇనుప డబ్బా ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు. ఇంజను బలాన్ని ముందు చక్రాలకు కూడా పంచేది అదే. దాని పొట్టి లివరు వేస్తే నాలుగు చక్రాలూ తిరుగుతాయి, బండి రాళ్ళూ బురదా ఎక్కుతుంది. మా దిక్కు కిరాయి జీపులవాళ్ళు ఆ డబ్బాను విప్పించి అమ్మేసేవారు. బరువు తగ్గుతుంది, డీజిల్ మిగులుతుంది, ఇంకో ఇద్దరిని ఎక్కించుకోవచ్చు అని లెక్క. ఒకరిని చూసి ఒకరు అందరూ తీయించారు. అంజయ్య కాక కూడా ఆ దారిలోనే పోయాడు.

“ఫికర్ జెయ్యకు కాకా. మిలటరీ వేలం సామాన్ల గసుంటి డబ్బా దొరుకుతది, తెస్త,” అన్నాను.

“గసుంటిది గాదు. నా బండిదే గావాలె.”

“నువ్వు అమ్మి ఇరవై ఏండ్లు దాటె. ఎవ్వడో కరగబోసి కడాయిలు జేసుకొని ఉంటడు.”

“దానికి అడుగున పగులుంటుండె. ఇత్తడితోని అతికిచ్చిన. గుర్తువడతది. దేవులాడు.”

పొమ్మనలేక పొగబెట్టినట్టు, చాలా కాలం పడుతుందనీ, అసలు దొరకకపోవచ్చనీ చెప్పాను. సరే అని అరుగు మీద కూర్చున్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు. బండి దింపించుకున్నాను.

మిగతా పని సాఫీగానే సాగింది. పైకప్పు సొట్టలు తీశాం. బానెట్ తెచ్చినందుకు కోడలు మామతో మాట్లాడడం మానేసిందని విని, బట్టలు ఉతకడానికి గ్రానైటు ముక్క ఒకటి ఇప్పించాను. ముందు చక్రాలను తిప్పే ఇరుసు ఆలేరు తుక్కు దుకాణంలో, పాత ఇనుప మంచాల కింద దొరికింది. అన్నీ కూడాయి గానీ డబ్బా జాడ లేదు.

దాన్ని కొన్న తుక్కు సేటు కాలం చేశాడు. ఆయన కొడుకుకు ఒక్క ముక్క గుర్తుంది: అప్పట్లో ఆ డబ్బాలన్నీ పాలమూరు క్రేనువాళ్ళు కొనుక్కుపోయేవారట. క్రేనంటే పెద్ద పెద్ద భవనాల దగ్గర ఉండేది కాదు. బావి పూడిక తీసే క్రేను. గట్టు మీద ఒక డీజిల్ ఇంజను, తీగ తాడు చుట్టుకునే డ్రమ్ము, తాడు చివర ఇనుప తొట్టి. రాళ్ళు నిండిన తొట్టి మెల్లగా, కుదుపు లేకుండా పైకి రావాలంటే జీపు డబ్బాలో ఉండే తక్కువ వేగపు ‘లో’ గేరు అచ్చంగా సరిపోతుంది. ఆ తొట్టిలోనే మనుషులు దిగుతారు, ఎక్కుతారు.

జడ్చర్ల, అచ్చంపేట, కల్వకుర్తి వైపు నాకు తెలిసిన మెకానిక్కులందరికీ వాట్సాప్‌లో కబురు పెట్టాను. డబ్బా అడుగున పసుపు రంగు అతుకు కనబడితే ఫొటో పంపండి అని. నవ్వే బొమ్మలు చాలా వచ్చాయి. వానలు దగ్గరపడుతుండగా కల్వకుర్తి మెకానిక్కు ఒక ఫొటో పంపాడు. గ్రీజు తుడిచిన చోట, నల్లటి ఇనుము మీద సన్నటి ఇత్తడి గీత. అంజయ్య కాక ఫోనును ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసి, నా చేతిలో పెట్టి, చెప్పులు తొడుక్కున్నాడు.

ఇద్దరం నా బండిలో బయలుదేరాం. మాల్ అనే ఊరి దగ్గర చాయ్ తాగడానికి ఆగినప్పుడు అడిగాను, అదే ఎందుకు కావాలని. చాయ్ చల్లారిపోయేదాకా చెప్పాడు.

డబ్బా అమ్మిన ఏడాది వానాకాలంలో వాళ్ళన్న కొమురయ్యను పొలంలో కట్లపాము కరిచింది. జీపు కొనడానికి తన ఎడ్లనమ్మి సాయం చేసిన అన్న. ఊరికీ రోడ్డుకీ నడుమ వాగు. అప్పటికి వంతెన లేదు. నీళ్ళు పిక్కలదాకానే ఉన్నా, నడి వాగులో వెనక చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. ముందు చక్రాలు ఊరికే నిలబడ్డాయి. ఎడ్లను తోలుకొచ్చి లాగేసరికి ఆలస్యమైంది. భువనగిరి దవాఖాన చేరకముందే అన్న పోయాడు.

“వాగుల ఉన్నంతసేపు అన్న నా మొకమే జూసిండు మేస్త్రీ. ‘ఇసుక మింగుతాంది తమ్మీ, నువ్వేం జేస్తవ్’ అన్నడు. నా మనసు కోసం అన్నడు. గామాత్రం నాకెరుక లేదా? నాలుగు చక్రాలు తిరిగితే దాటేటోన్ని. డీజిల్ కాడ కక్కుర్తి వడి అన్నను జంపుకున్న.”

వేరే డబ్బా పెట్టి ఆ వాగు దాటితే ఏం తెలుస్తుంది, తను అమ్ముకున్న డబ్బాతోనే దాటాలి అన్నాడు. అంటే బండిని దాటించి, తనే దోషి అని రుజువు చేసుకోవాలన్నమాట. వద్దని చెప్పాలనుకున్నాను. చెబితే వినే మనిషి కాదని అప్పటికి తెలుసు.

కల్వకుర్తి దాటాక ఒక చేను మధ్య క్రేను పనిచేస్తోంది. దాని యజమాని బాలమ్మ, యాభై ఏళ్ళ మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుని క్రేను లివర్లు తనే వేస్తోంది. బావి అడుగున ఆమె భర్త, మరిది, ఇంకో ముగ్గురు రాయి కొడుతున్నారు. అంజయ్య కాక డబ్బా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని దాని చప్పుడు విన్నాడు. నేను సంగతి చెప్పి, అదే రకం డబ్బా ఇంకోటి తెచ్చి బిగిస్తానన్నాను.

బాలమ్మ ఇంజను ఆపలేదు. “గీ డబ్బా మమ్ములను ఎన్నడు మోసం జెయ్యలే అన్నా. మావోళ్ళు పొద్దుగాల దిగితే, పొద్దుమీకి గిదే పైకి తెస్తది. కొత్తదాన్ని ఎట్ల నమ్మాలె?”

“రెండు ఒక్కటే రకం అక్కా. నేను పూచీ.”

“పూచీ నోటితోని గాదు. మా పనిల ఒక కట్టుబాటున్నది. సామాన్ ఎవ్వడు బిగిస్తే వాడే ముందుగాల తొట్టిల దిగాలె. దిగుతవా?”

బావిలోకి తొంగిచూశాను. అడుగున మనుషుల తలలు పెసర గింజల్లా ఉన్నాయి. అంజయ్య కాక నా వైపు చూస్తున్నాడు. దిగుతానన్నాను.

మిలటరీ వేలం సరుకులో మంచి డబ్బా ఒకటి కొని, పూర్తిగా విప్పి బేరింగులు, సీళ్ళు మార్చాను. కల్వకుర్తి తీసుకెళ్ళి ఆ రోజు క్రేనుకు బోల్టులు బిగించినంత శ్రద్ధగా నేనెప్పుడూ బిగించలేదు. ముప్పై ఏళ్ళుగా సామాను బిగించి తాళంచెవి వాళ్ళ చేతికిస్తున్నాను, అవతలి మనిషి ప్రాణం దాని మీద ఉంటుందని తెలుసు. తెలియడం వేరు, తొట్టిలో నిలబడడం వేరు. బాలమ్మ లివరు వేసింది. కాళ్ళ కింద ఇనుము కదిలింది. మొక్కని దేవుడు లేడు. అడుగు తాకి పైకి వచ్చేసరికి గట్టు మీద బాలమ్మ భర్త నన్ను చూసి, “ఏం మేస్త్రీ, చెమట వట్టింది? నీళ్ళు మాకన్న ముందు నీకే పడ్డయ్,” అని నవ్వాడు. పాత డబ్బాను బాలమ్మ నీళ్ళతో కడిగి, బొట్టు పెట్టి, అంజయ్య కాకకు అప్పగించింది.

షెడ్డులో దాన్ని బిగించి, గుట్ట వెనక రాళ్ళ దారిలో పరీక్షించాను. లివరు పడగానే నాలుగు చక్రాలూ అందుకున్నాయి. నడిచే మనిషి చేతులు కూడా ఆనించే చోట బండి నింపాదిగా ఎక్కింది. సామానులో వంక పెట్టడానికి లేదు.

వాన వెలిసిన ఒక పొద్దున అంజయ్య కాక ఫోను చేశాడు. “వాగుల నీళ్ళు గప్పటి తీరుగనే ఉన్నయ్. రా.”

వెళ్ళాను. వాగు మీద ఇప్పుడు వంతెన ఉంది, బస్సు పోతోంది. అంజయ్య కాక వంతెన పక్కనుంచి జీపును కిందికి దింపాడు. వద్దన్నా వినకుండా పక్క సీట్లో నేనూ కూర్చున్నాను. నీటి అంచున ఆపి, పొట్టి లివరు వేసి, పెదవులు బిగించి ముందుకు పోనిచ్చాడు. సగం దాకా బండి చక్కగా వెళ్ళింది. ఆయన ముఖం నల్లబడుతూ వచ్చింది. దాటుతుందనుకున్నాను. దాటొద్దని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను.

నడి వాగులో ముందు భాగం దిగబడింది. ఆయన ఇంకొంచెం ఆక్సిలరేటరు తొక్కాడు. నాలుగు చక్రాలూ తిరిగాయి, నాలుగూ ఇసుకను తోడాయి, బండి పొట్ట నేలకానింది. నేను దిగి చూశాను. ముందు చక్రం నీళ్ళలో గిర్రున తిరుగుతోంది.

“ముంగట చక్రం తిరుగుతాందా మేస్త్రీ?”

“తిరుగుతాంది కాకా.”

“మంచిగ జూడు.”

“నాలుగుకు నాలుగు తిరుగుతున్నయ్.”

ఇంజను ఆపేశాడు. అప్పటి వాగు వేరు, ఇప్పటి వాగు వేరు, ఏటికేడు ఇసుక జాగా మారుతుంది. ఒక మెకానిక్కుగా ఆ మాట చెప్పడం నా ధర్మమేమో. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు, చెప్పనందుకు నాకు చింత కూడా లేదు. వంతెన మీద ఆగిన జనం, పక్కనే వంతెన ఉండగా వాగులో దిగిన ముసలాయనను చూసి నవ్వుతున్నారు. ట్రాక్టరు కోసం ఎవరో పరుగెత్తారు.

ఆ తర్వాత ఎవరైనా వచ్చి ఫలానా సామానే కావాలని పట్టుబడితే, ఎక్కడ దొరుకుతుందని ఆలోచించే ముందు, ఎందుకని అడగడం అలవాటు చేసుకున్నాను. అద్దం వెనక ముద్ర కోసం అలిగినాయనను కూడా అడగవలసింది. అడిగి చాయ్ ఇప్పిస్తే సగంమంది అసలు మాట చెబుతారు.

ఆ రోజు ట్రాక్టరు వచ్చేదాకా అంజయ్య కాక స్టీరింగు మీద తల ఆనించుకుని ఏడ్చాడు. నీళ్ళు పిక్కలకు తగులుతుండగా నేను బండి పట్టుకుని నిలబడ్డాను. చివరికి తలెత్తి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని అన్నాడు:

“మా అన్న నిజమే జెప్పిండు బిడ్డా. గిన్నేండ్లు నేనే ఇనకపోతి.”