ఫిజీలో మా ఇల్లు పుట్టిల్లయిన సంగతి

పోయిన ఆదివారం మా చర్చిలో ఒక యువ బోధకుడు ప్రసంగం మధ్యలో నా వైపు చెయ్యి చూపి, ఫిజీ దీవుల్లో చెరకు తోటల కూలి ఆడవాళ్ళ పురుళ్ళకు తన ఇంటి తలుపులు తెరిచిన మనిషి ఈయనేనని చెప్పాడు. అందరూ మెడలు తిప్పి నన్ను చూశారు. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న నా భార్య మాత్రం చూడలేదు; కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. పాపం ఆ అబ్బాయి తప్పేమీ లేదు, ఊరూరా సభల్లో ఆ కథ చెప్పుకుంటూ వచ్చింది నేనే. నా ఈడువాళ్ళు కొందరైనా దీన్ని చదువుతారు గనుక అసలు జరిగిందేమిటో ఇక్కడ రాస్తున్నాను.

మిషన్ వారు పంపగా, ఇద్దరు చిన్నపిల్లలతో ఓడెక్కి మేము బా అనే ఊరు చేరాము. నేను కాంపౌండరును, నా భార్య పురుళ్ళ పని నేర్చిన నర్సు. అవి గిర్మిటు రోజులు. అంటే ఒప్పందం మీద వేలిముద్ర వేసి వచ్చిన మనవాళ్ళు, గడువు తీరేదాకా తోటవాళ్ళు కట్టిన పొడవాటి కొట్టాల్లో, వాటినే లైన్లనేవారు, కాపురం ఉండి చెరకు కొట్టే రోజులు. మా ఇంటి ముందు గదే డిస్పెన్సరీ. పొద్దున్నే మిల్లు కూత, వాన వస్తే రేకుల కప్పు మీద మోత, పెరట్లో బొప్పాయి చెట్ల కింద మా పిల్లల పోట్లాటలు. మా అమ్మాయి తెలుగులో అన్నం అడిగి, హిందీలో అలిగి, ఫిజీ భాషలో తమ్ముణ్ణి తిట్టేది. కర్రపెండలం ఉడకబెట్టి తాలింపు పెట్టుకుని తిన్న ఆ రోజుల్లో ఉన్నంత ఉల్లాసంగా మేము మళ్ళీ ఎప్పుడూ లేమేమో.

జ్వరాలకూ పుండ్లకూ మందు కోసం జనం వచ్చేవారు గాని, పురిటికి ఎవరూ వచ్చేవారు కాదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మనవాళ్ళ పట్టింపు. సముద్రం దాటి వచ్చిన ఆడదానికి పుట్టిల్లు ఎక్కడిది? తోట ఆసుపత్రి అంటే భయం. అందుకని లైన్లలోనే కనేవారు, అలా కని ఒకామె చనిపోయింది కూడా. ఆ తర్వాత నా భార్య ఆదివారాలు లైన్లకు వెళ్ళి, మందుల మాట ఎత్తకుండా, ఆడవాళ్ళ తలలు దువ్వుతూ కూర్చునేది. నెలలు నిండుతున్న ఒక విశాఖపట్నం వైపు పిల్లతో, మీ అమ్మ లేకపోతేనేం, మా ఇంటికి రా అని చెప్పిందట. నాకు చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం ఆ పిల్ల బట్టల మూటతో మా మెట్లెక్కి, "అమ్మా, పురిటికి వచ్చీసినాను," అంది. వెనకాల మొగుడు, చేతిలో కోడిపెట్ట. తోట దొర ఆసుపత్రికని సెలవిస్తే వీళ్ళు ఇటు వచ్చారట. రోగుల్ని ఇంట్లో ఉంచుకోకూడదని మిషన్ పెద్ద గట్టిగా చెప్పి ఉన్నాడు. ఏదైనా జరిగితే డిస్పెన్సరీ మూతపడుతుంది. ఆసుపత్రికే వెళ్ళమని చెప్పి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"పురిటికొచ్చిన పిల్లని గుమ్మంలో నిలబెడతారా ఎవరైనా? తప్పుకోండి," అంది నా భార్య.

తప్పుకున్నాను. నేను తలుపులు తెరవడమంటే ఇంతే.

బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. సాయంత్రమైంది, దీపాలు పెట్టారు, లోపల కేకలు ఆగలేదు. వరండాలో ఆ మొగుడు నా పక్కన కూర్చుని, తనవాళ్ళెవరూ ఇక్కడ లేరనీ, ఈ మనిషి పోతే తనకిక దిక్కెవరూ లేరనీ చెప్పుకుని ఏడ్చాడు. డిస్పెన్సరీ సంగతి మరిచిపోయి నేనూ ప్రార్థనలో పడ్డాను. ఆఖరికి బిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల, తల్లీ క్షేమం. అతను కోడిపెట్టను నా ఒళ్ళో పడేసి, లోపలికి పరుగెత్తాడు.

బాలింతను పంపేనాడు అసలు తమాషా. పుట్టింటి నుంచి ఉత్తచేతులతో పంపకూడదని నా భార్య చలిమిడికి బియ్యం నానబోసింది. రోలు లేక, నేను మందులు నూరే కల్వంలోనే దంచింది. ఎంత కడిగినా అందులో క్వినైను చేదు పోలేదు. ఈ సంగతి రాయవద్దని ఇప్పుడు కూడా అంటోంది.

"ఏటి మావా, నీ సలివిడి ఇంత సేదుగున్నాది?" అన్నాడు అల్లుడు. "జొరం కూడా దిగిపోద్దేటి?"

అతను నాకంటే పెద్దవాడు. ఆ రోజు నుంచి నన్ను మావా అనే పిలిచాడు.

పసుపు పెట్టవద్దని, మన విశ్వాసానికి తగదని నేను అడ్డుపడ్డాను. "కూరలో వేస్తే లేని తప్పు చేతిలో పెడితే వచ్చిందా?" అని నా భార్య పసుపుకొమ్ములు ఆ పిల్ల ఒడిలో పోసింది. కుంకుమ లైన్లలోని ఎవరో పట్టుకొచ్చారు. ఇక ఆ తర్వాత, ఆ పురుడు జరిగిన మా వెనుక గది ఖాళీగా ఉన్నది తక్కువ. అల్లుళ్ళు ఎక్కువై, తలంటికి నూనె చాలక, నేను కొబ్బరికాయల కోసం ఫిజీవాళ్ళ ఊళ్ళ వెంట తిరిగేవాణ్ణి. మా అమ్మాయి ప్రతి బిడ్డకూ తానే పిన్నినని తగవు పెట్టుకునేది.

ఏడాది తిరిగాక మిషన్ పెద్ద తనిఖీకి వచ్చాడు. ఉయ్యాలలు చూసి, కోప్పడతాడనుకుంటే, కళ్ళు చెమర్చి ఇది ఎవరి ఏర్పాటని అడిగాడు. నాదేనన్నాను. నా భార్య టీ కప్పులతో అక్కడే నిలబడి ఉంది. ఒక్కసారి నా ముఖం చూసి, ఆయనకు చక్కెర ఎంత కావాలో అడిగింది. ఆ మాట మీదే నాకు ఇన్నేళ్ళూ దండలు పడ్డాయి. గుమ్మానికి అడ్డం నిలబడిన మనిషిని నేను. ఇల్లు ఆమెది, తెగువా ఆమెదే.

మేము దేశానికి తిరిగొచ్చిన ఎన్నో ఏళ్ళకు, ఈ మధ్యే ఆ దీవుల నుంచి ఒకాయన బంధువుల్ని చూడడానికి వచ్చి మా ఇంట్లో భోజనం చేశాడు. గిర్మిటు పోయిందట, లైన్లు కూలిపోయాయట, మనవాళ్ళు తలా కాస్త భూమి కౌలుకు తీసుకుని సొంతంగా చెరకు వేసుకుంటున్నారట. పిల్లల నోట తెలుగు తగ్గి హిందీయే ఆడుతోందట. అయినా మా వెనుక గదిలో పురుడు పోసుకున్న ఆడవాళ్ళు ఇప్పుడు తమ కూతుళ్ళను పురిటికి ఇంటికి తెచ్చుకుంటున్నారట. నా భార్య ఎంతో సంతోషంగా ఒక్కొక్కరి సంగతీ అడిగి తెలుసుకుంది. ఆయన వెళ్ళిపోయాక చాలాసేపు వంటింట్లో ఊరికే కూర్చుంది. అక్కడిప్పుడు ఎవరి తల్లి వారికి ఉంది. ఇక ఎవరూ మూట పట్టుకుని మా మెట్లెక్కనక్కర లేదు.