ఎవరు ఆపారో రాయి

మొదటే చెబుతున్నాను, నా రాతలో తప్పులు చాలా ఉంటాయి. నేను ఐదో తరగతి వరకే చదివాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు, అక్షరాలు గీత మీద నిలబడవు. టైపు చేసేవాళ్లు దిద్దుకోవాలి, చదివేవాళ్లు క్షమించాలి. మా కింది ఇంటి సార్ పోయి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఆయన జ్ఞాపకార్థ కూడికలో పంచడానికి చర్చి వాళ్లు, ఆయన పాత ఆఫీసు వాళ్లు కలిసి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు. తెలిసినవాళ్లందరినీ నాలుగు మాటలు రాయమన్నారు. మేడం నన్ను కూడా రాయమన్నారు.

ఆ మంగళవారం పొద్దున నేను డాబా మీద బట్టలు ఆరేస్తుంటే మేడం మెట్ల దగ్గర నుంచి పిలిచారు. "అమ్మాయ్, ఒకసారి కిందికి రా. సార్ లేవట్లేదు" అన్నారు. ఆమె గొంతు మామూలుగానే ఉంది. అందుకే నేను చేతిలో ఉన్న చొక్కా దండెం మీద వేసి, క్లిప్పు కూడా పెట్టి దిగాను. సార్ కుడి వైపుకు ఒత్తిగిలి పడుకుని ఉన్నారు. కళ్లజోడు పెట్టుకునే ఉన్నారు. నేను పాదం ముట్టుకుని చూశాను. చల్లగా ఉంది. డాక్టర్ వచ్చి గుండె అన్నాడు.

మేం ఖాజాగూడలో వాళ్ల డాబా మీది ఒంటిగదిలో కిరాయికి ఉంటాం. మాది పాలమూరు వైపు. పెళ్లై మూడేళ్లయింది. నాకు కొత్తవాళ్లతో మాట్లాడాలంటే భయం. మొదటి ఏడాది సార్ మెట్లెక్కి వస్తే తలుపు వెనక్కి పోయేదాన్ని. ఆయన తలుపుతోనే మాట్లాడేవారు. "తలుపుగారూ, నీళ్లు వస్తున్నాయా అండీ?" అనేవారు. నేను లోపల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని.

సార్‌ది గుంటూరు వైపు. కాలుష్యం సంగతి చూసే సర్కారు ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఫ్యాక్టరీలు, పెద్ద కట్టడాలు చట్టం ప్రకారం నడుస్తున్నాయో లేదో వెళ్లి చూసి రాయడం ఆయన పని. ఎవరింట్లో మంచినీళ్లు ఇచ్చినా ముందు వాసన చూసేవారు, తర్వాతే తాగేవారు. "పెళ్లిళ్లలో కూడా ఇంతే, నా పరువు తీస్తారు" అనేవారు మేడం. టవర్ కడుతున్న చోట రేకుల మీద అనుమతుల బోర్డు కనిపిస్తే ఎండలో నిలబడి చివరి అక్షరం దాకా చదివేవారు. ఆఫీసులకు పోయే పిల్లలు కిరాయి బోర్డేమో అనుకుని బండ్లు ఆపి తొంగి చూసేవాళ్లు.

మా ఆయన మా వీధికి పైన ఉన్న ఒక టవర్‌లో పని చేస్తాడు. దాని రెండో సెల్లార్‌లో మురుగునీళ్లు బాగుచేసే మిషన్ ఉంటుంది. పైన ఫ్లాట్లలో అందరి స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు, లెట్రిన్ నీళ్లు అక్కడికే దిగుతాయి. గాలి కొట్టే మోటార్లు ఆగకుండా తిరిగితేనే ఆ నీళ్లు శుభ్రమవుతాయి. కరెంటు ఎక్కువ కాలుతుందని సూపర్‌వైజర్ చాలా రోజులు వాటిని ఆపించేవాడు. అప్పుడు ఆ మురుగు ఉన్నది ఉన్నట్టే వానకాలువలోకి పోయేది. కాలువ మా చెరువులో కలుస్తుంది.

మోటార్లు ఎన్ని గంటలు తిరిగాయి, వచ్చే నీళ్లు ఎలా ఉన్నాయి, పోయే నీళ్లు ఎలా ఉన్నాయి అని అక్కడ ఒక పుస్తకంలో రోజూ రాయాలి. రోజూ ఎవరూ రాయరు. నెలాఖరుకు మా ఆయన దాన్ని ఇంటికి తెచ్చేవాడు. "నీ అంకెలు గుండ్రగ వస్తయి, నువ్వే రాయి. నిన్నటిదే జర అటిటు జెయ్యి" అనేవాడు. నేను సంతోషంగా రాసేదాన్ని. వేరే వేరే రోజుల్లో రాసినట్టు ఉండాలని మూడు పెన్నులు మార్చేదాన్ని. పేజీ మీద టీ గ్లాసు పెట్టి మరక చేసేదాన్ని. దసరాకు అందరిళ్లలో నూనె వంటలు అవుతాయి కదా అని ఆ రోజు నీళ్లు కొంచెం మురికిగా వేశాను. మా ఆయన చూసి, "నువ్వు ఇంజనీర్‌వే" అన్నాడు.

ఒక నెలాఖరున నేను నేల మీద కూర్చుని రాస్తుంటే సార్ జామకాయలు ఇవ్వడానికి పైకి వచ్చారు. నేను కొంగు పుస్తకం మీద కప్పాను. కొంగు చాలలేదు. ఆయన వంగి చూసి, "జూన్‌కి ముప్పై ఒకటో తారీకు ఎప్పుడొచ్చింది తల్లీ?" అన్నారు.

ఆయన కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. తర్వాత గడప మీద కూర్చున్నారు. "ఈ పుస్తకాలు ఎన్ని చదివానో అమ్మా. వీటిని ఎవరు రాస్తారా అనుకునేవాణ్ని" అన్నారు.

ఆ రోజే ఆయన ఒక సంగతి చెప్పారు. ఒకసారి ఆఫీసు వాళ్లు ఆయన్ను విదేశంలో మీటింగుకు పంపారట. చాలా దేశాల నుంచి అదే పని చేసేవాళ్లు వచ్చారట. చట్టం సరిగా అమలు కావాలంటే ఏం చేయాలని మూడు రోజులు మాట్లాడుకున్నారట. "టీ తాగేటప్పుడు ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకావిడ ఫోన్లో ఒక ఫొటో చూపించింది. ఏదో తోళ్ల ఫ్యాక్టరీ పుస్తకం. భాష మాకెవరికీ రాదు. కానీ నెలంతా ఒకే పెన్ను, ఒకే చెయ్యి. అందరం నవ్వాం. తర్వాత ఒక్కొక్కళ్లే, మా దగ్గరా ఇంతే, మా దగ్గరా ఇంతే అన్నారు."

"మరి అందరు గల్సి ఏం జేసిన్రు సార్?" అన్నాను. నేను ఆయన్ను అడిగిన మొదటి మాట అదే.

"టీ అయిపోయింది. లోపలికి వెళ్లి మళ్లీ పెద్ద పెద్ద మాటలు మాట్లాడాం" అన్నారు. "చట్టం లేని దేశం లేదమ్మా. వెళ్లి చూసి, చూసింది రాసేవాళ్లే లేరు."

మర్నాడు నాకు ఒక పాత డైరీ ఇచ్చారు. "ఆ పుస్తకం రాయొద్దని నేను చెప్పను, మీ ఉద్యోగం సంగతి. ఇందులో మాత్రం మీ ఆయన కళ్లతో చూసిందే రాయి. రోజుకు ఒక్క లైను."

మొదటి రోజు నేను ఇలా రాశాను: "మోటారు నడపబడలేదు. నీళ్లు వదలబడినవి." సర్కారు కాగితాల్లో అలాగే ఉంటుంది కదా, గొప్పగా ఉంటుందని రాశాను. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ 'బడు' ఉంది చూశావా, దీని వెనక ఊరంతా దాక్కోవచ్చు. తనిఖీ చేయబడినది. నిబంధనలు పాటించబడుతున్నవి. ఎవరు చేశారు? ఎవరు పాటించారు? అక్కడ మనిషి ఉండడు. నా సర్వీసంతా ఈ బడుతోనే గడిచిపోయింది. నువ్వు అలా రాయకు. ఎవరు ఆపారో రాయి."

మళ్లీ రాశాను. "సూపర్‌వైజర్ ఆపమన్నాడు. మా ఆయన ఆపాడు."

"మా ఆయన అంటే కాగితానికి ఎవరో తెలుస్తుందా? పేరు రాయమ్మా."

నేను మా ఆయన పేరు ఎప్పుడూ నోటితో అనలేదు. మా వైపు అనరు. రేషన్ కార్డు దగ్గర అడిగినా పక్కావిడతో చెప్పించాను. ఆ రోజు రాశాను. రాశాక కాసేపు దాని వైపు చూడలేకపోయాను.

అప్పటి నుంచి ప్రతి సాయంత్రం అన్నం దగ్గర అడిగేదాన్ని.

"ఇయ్యాల మోటర్ నడిచిందా?"

"తిననియ్యవా? నడ్వలేదు."

"నీళ్లు ఏ రంగున్నయి?"

"పప్పు రంగున్నయి. ఇగ ఈ పప్పు తినబుద్ధయితదా చెప్పు."

"ఎవ్వరు ఆపిన్రు?"

"నేనే. ఉరి దియ్యి." కంచం పక్కకు జరిపి, "నౌకరి పోతే కిరాయి ఎవరు కడ్తరు, నీ సారా?" అన్నాడు.

"కిరాయి సార్‌కే గద కట్టేది" అన్నాను. ఆయనకు కోపంలోనూ నవ్వు వచ్చింది.

సార్ ఆ టవర్ మీద తన పాత ఆఫీసుకు ఫిర్యాదు రాశారు. నా డైరీ తీసుకుని చదివి తన దగ్గరే ఉంచుకున్నారు, దాని సంగతి మాత్రం అందులో పెట్టలేదు. చాలా రోజులకు అధికారులు వచ్చారు. వాళ్లు వస్తారని సూపర్‌వైజర్‌కు రెండు రోజుల ముందే తెలిసింది. ఆ రెండు రోజులూ మోటార్లన్నీ తిరిగాయి. పోయే నీళ్లు అద్దంలా ఉన్నాయని మా ఆయనే ఆశ్చర్యపోయాడు. "మిషన్ మంచిదేనే. మేమే నడ్పుతలేము" అన్నాడు. అధికారులు ఆ నీళ్లు చూశారు, నేను రాసిన పుస్తకం చూశారు, పోయారు. తర్వాత సార్‌కు ఒక కాగితం వచ్చింది. నిబంధనలు పాటించబడుతున్నవి, ఫిర్యాదు ముగించబడినది అని ఉంది. సార్ దాన్ని మేడంకు చదివి వినిపిస్తుంటే నేను మెట్ల మీద నుంచి విన్నాను. ఆ వారం చెరువులో చేపలు తేలాయి. జల్లెల్లోకి ఎత్తి గట్టున పోశారు. వాసన మా గదిలోకి కూడా వచ్చింది.

సార్ పైకి వచ్చారు. ఆయాసపడుతున్నారు. "అమ్మాయ్, నీ డైరీ ఆఫీసులో ఇస్తే మళ్లీ విచారణ పెట్టక తప్పదు. నీ దగ్గర దాచను, మొదటి దెబ్బ మీ ఆయనకే తగులుతుంది. నువ్వు వద్దంటే ఇవ్వను. ఏమంటావు?"

నేను తలుపు వెనక నిలబడ్డాను. అవునని అనలేదు, కాదని అనలేదు. "సరే తలుపుగారూ" అని దిగిపోయారు. ఆయన నాతో అన్న చివరి మాట అదే. నాలుగు రోజులకు ఆ మంగళవారం వచ్చింది.

సమాధుల తోటలో ఆయన పాత ఆఫీసు వాళ్లు చాలామంది వచ్చారు. నిజాయితీపరుడు, పనిలో కచ్చితమైన మనిషి అని చెప్పుకున్నారు. నేను ఆడవాళ్ల వెనక నిలబడి ఒక గుప్పెడు మట్టి వేశాను.

తొమ్మిదో రోజు మేడం ఆ డైరీ నాకు తిరిగి ఇచ్చారు. వెనక వైపు మూడు పేజీలు సార్ చేతిరాత ఉంది. ఫ్యాక్టరీలు, ఊళ్లు. ఒక్కోదాని పక్కన ఒకటి రెండు మాటలు. "నేను వెళ్లలేదు. ఆఫీసులో కూర్చుని సంతకం పెట్టాను." "నేను గేటు దగ్గర టీ తాగి వచ్చాను. లోపల చూడలేదు. తర్వాత ఆ ఊళ్లో బావుల నీళ్లు ఎర్రగా వచ్చాయి." అన్నిటి కిందా ఆయన పేరు ఉంది. బడు ఒక్కటీ లేదు.

ఒక రోజంతా నాకు ఆయన మీద కోపం వచ్చింది. తర్వాత అర్థమైంది. తను అప్పుడు చేయలేని పనే నన్ను అడిగారు. అది ఎంత కష్టమో తెలుసు కాబట్టే తొందరపెట్టలేదు. కూడిక పుస్తకానికి ఇది కూడా రాయనా అని మేడంను అడిగాను. "దాచాలనుకుంటే చించేసేవారు. రాయి" అన్నారు.

ఆ సాయంత్రం డైరీ మా ఆయన ముందు పెట్టాను. ఆయన పెదవులు కదుపుతూ మొత్తం చదివాడు.

"సూపర్‌వైజర్ పేరున్నది. నా పేరున్నది. సార్ పేరు గూడ ఉన్నది. నీ పేరేది?"

ఆయన పేజీలు మళ్లీ మొదటి నుంచి తిప్పాడు.

"ఆ దొంగ అంకెలు ఎవరేసిన్రు? నేనా? నాకు గట్ల రాయొస్తదా?"

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. నేను పెన్ను తీసుకుని చివరి పేజీలో రాశాను. "టవర్ పుస్తకంలో అంకెలు నేను వేశాను. ఆ సెల్లార్ నేను ఒక్కసారి కూడా చూడలేదు." కింద నా పేరు పెట్టాను. మా ఆయన చూసి, "పంపుతే పంపు. మల్ల నన్ను అడగకు" అని అటు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు డైరీని సార్ పాత ఆఫీసుకు పంపడానికి పోస్టాఫీసుకు పోయాను. "పంపేవాళ్ల పేరు లేకుంటే రిజిస్టర్ చెయ్యమమ్మా" అన్నాడు కౌంటర్ దగ్గరాయన. వెనక లైను ఉంది. "జల్ది రాయమ్మా" అని ఎవరో విసుక్కున్నారు. రాశాను.

పంపి వారం దాటింది. విచారణకు ఇంకా ఎవరూ రాలేదు. వాళ్లు రాకముందే టవర్‌లో తెలిస్తే మళ్లీ రెండు రోజులు మోటార్లు తిప్పి అద్దం లాంటి నీళ్లు చూపిస్తారు. కూడిక నాటికి కూడా ఎవరూ రాకపోతే దీన్ని అచ్చు వేయాలో వద్దో మేడం చెబుతారు.

నిన్న మా ఆయన లాకర్‌లోని సామానంతా ఒక కవర్‌లో వేసుకుని తెచ్చాడు. స్టీలు గ్లాసు, అరిగిన చెప్పులు, ఇంకో యూనిఫాం చొక్కా, సగం సబ్బు. ఏందిది అని అడిగాను. "పొమ్మన్న నాడు గేటు కాడ నిలబెట్టి సంచి గుమ్మరిచ్చి చూస్తరు. అందరి ముందట ఎందుకని" అన్నాడు. కవర్ కిటికీ మేకుకు తగిలించాడు. ఈ పొద్దున ఖాళీ చేతులతో డ్యూటీకి పోయాడు. గాలికి కవర్ ఊగుతోంది, గ్లాసు గోడకు తగిలి చప్పుడవుతోంది. అధికారులు రాకముందే ఇవి టవర్ వాళ్ల కంట పడకూడదు, టైపు కాగానే ఈ కాగితాలు దయచేసి కాల్చేయండి.