ఎవరు పలకాలో రాయని మంత్రం

బెంగళూరు కాటన్‌పేటలో నూలు దుకాణాల వెనక సందులో ఛాయాదేవి ఇల్లు. ఆమె ఒక వకీలు ఆఫీసులో టైపిస్టు. పద్నాలుగేళ్ళుగా క్రయపత్రాలు, వీలునామాలు టైపు చేసీ చేసీ, ఏ కాగితం చూసినా అందులో లేని మాటే ముందు ఆమె కంట పడేది. ఇంట్లో ఆమె, తల్లి రత్నమ్మ ఇద్దరే.

2001లో మేడమీది గదిలోకి కిరణ్మయి అద్దెకు వచ్చింది. రాజమండ్రి అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆదివారం మధ్యాహ్నాలు స్నేహితులు లలిత్, నవ్య వస్తే ముగ్గురూ చాప పరుచుకుని ఒక ఆట ఆడేవారు. కిరణ్మయి కథ నడిపిస్తుంది. అడవి, కోట, సొరంగం. మిగతా ఇద్దరూ అందులో మనుషులవుతారు. లలిత్ కత్తి పట్టిన వీరుడు, నవ్య మంత్రగత్తె. ఏం చేస్తారో నోటితో చెప్పి, పాచికలు వేసి, ఫలితం తేల్చుకుంటారు. ఏ మంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పే లావుపాటి ఇంగ్లీషు జిరాక్సు పుస్తకం ఒకటి మధ్యలో ఉండేది. గొడవలన్నీ దాని దగ్గరే.

ఒక ఆదివారం మబ్బు పట్టిందని ఛాయాదేవి ఆరేసిన బట్టలు తీయడానికి మేడెక్కింది. పైన వాదన జోరుగా ఉంది.

"ఆ కాపలావాడికి చెవుడు నవ్యా. నీ నిద్రమంత్రం వాడికి వినపడదు. సో, నిద్రపోడు," అంటోంది కిరణ్మయి.

"ఇప్పుడు చెవుడని చెప్తే ఎలా!"

ఛాయాదేవి భుజం మీద బట్టలతోనే ఆగింది. "ఆ లైను ఒకసారి చదువు తల్లీ."

కిరణ్మయి చదివింది. మంత్రం వినబడేంత దూరంలో ఉన్న శత్రువులందరూ నిద్రపోతారని ఉంది.

"దూరం అని ఉండాది చూడు. యాడిదాకా పని చేస్తాదో హద్దు చెప్పినారు, అంతే. వానికి చెవులుండాయా లేదా అని అడగలేదు. వాడు పండుకోవాల్సిందే."

నవ్య చప్పట్లు కొట్టింది. కిరణ్మయి నవ్వి ఒప్పుకుని, కథ అందుకుంది. కాపలావాడు గోడకు జారబడ్డాడు. చేతిలోని బల్లెం మెల్లగా గడ్డిలోకి ఒరిగింది. వాడి ఊపిరి లయకు కోట కిటికీలన్నీ ఒకటొకటిగా కనురెప్పల్లా మూసుకున్నాయి. సన్నగా చినుకులు మొదలై భుజం మీద బట్టలు తడుస్తున్నా ఛాయాదేవి కదల్లేదు.

ఆ రోజు నుంచి ఆదివారం తగువులకు తీర్పరి ఆమే. తను ఆడేది కాదు. మెట్టు మీద కూర్చుని వినేది, అడిగితే పుస్తకం చదివి చెప్పేది. వారం మధ్యలో టైపు చేస్తూ తలెత్తితే, కిటికీ అవతల లారీ మీది నూలు మూటలు తెల్లటి కొండల్లా కదిలిపోతున్నట్టుండేది.

మరుసటి వానాకాలంలో రత్నమ్మకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, కుడి చేయి పోయింది. ఎడమచేతి వేళ్ళే మిగిలాయి. రెండు వేళ్ళెత్తితే నీళ్ళు, అరచేయి తిప్పితే కిటికీ తెరవమని. ఛాయాదేవి ఒక్కొక్కటే నేర్చుకుంది. చూడవచ్చిన బంధువులు మాత్రం మంచం పక్కనే నిలబడి, "ఆమెకేం తెలుస్తాదిలే" అనేవారు. ఛాయాదేవి మేడెక్కడం మానేసింది.

నెల తర్వాత ముగ్గురూ పుస్తకం పట్టుకుని కిందికే వచ్చారు.

"సారీ అక్కా, ఈ టైమ్‌లో," అంది కిరణ్మయి. "ఆటలో గుహ కూలిపోతోంది. నవ్య విషం తాగి గొంతు పోగొట్టుకుంది. బయటపడే మంత్రం తనకే తెలుసు. నోరే లేనప్పుడు మంత్రం ఎక్కడిదని నేనంటున్నా. రెండు వారాలుగా ఆట ఆగిపోయింది. మీరేమంటే అదే."

ఛాయాదేవి మంచం అంచున కూర్చుని ఆ పేజీ మూడుసార్లు చదివింది. రత్నమ్మ కళ్ళు కూతురి మీదే ఉన్నాయి.

"చేయి ఎత్తేది మంత్రగత్తె అని ఉండాది," అంది ఛాయాదేవి నెమ్మదిగా. "మంత్రం మాత్రం పలకబడాల అని ఉండాది. ఎవరు పలకాల్నో రాయలేదు. మా ఆఫీసులో పవర్ ఆఫ్ అటార్నీ ఉంటాది కదా, అట్లా. మనసు ఒకరిది, నోరు ఇంకొకరిది."

"కానీ లలిత్‌కి ఆ మంత్రం తెలీదు కదా," అంది కిరణ్మయి.

"నవ్య చేత్తో చెప్తాది. లలిత్ చూసి పలకాల. తప్పు పలికితే మంత్రం పనిచెయ్యదు."

అక్కడే నేల మీద కూర్చుని ఆడారు. మంత్రం మాటలు కిరణ్మయి చేత చెవిలో చెప్పించుకుని, నవ్య వేళ్ళు ముడిచింది, విప్పింది, గాలిలో చెదరగొట్టింది. లలిత్ ఒకసారి పొగ అన్నాడు, ఇంకోసారి పిట్టలన్నాడు. రెండూ కాదు. మూడు అవకాశాల్లో ఒకటే మిగిలింది.

మంచం మీద టకటకమని చప్పుడైంది. రత్నమ్మ ఎడమచేత్తో మంచం పట్టె కొడుతోంది. అందరూ చూశాక, పిడికిలి బిగించి, విప్పి, అరచేతిని చల్లగా చెంపకు ఆనించుకుంది.

ఛాయాదేవి ఆ చేతి వైపు ఒంగింది. "మంచు... రాయి మంచు కావాల అంటా ఉండాది అమ్మ."

నవ్య నోరు మూసుకుని గట్టిగా తలూపింది.

"పెద్దమ్మగారు గుహలో లేరు కదా," అన్నాడు లలిత్.

కిరణ్మయి మంచం వైపు తిరిగింది. "పెద్దమ్మగారూ, మీరు గుహలోకి ఎప్పుడొచ్చారు?"

రత్నమ్మ తన గుండె మీద చేయి పెట్టుకుంది. తర్వాత రెండు వేళ్ళను దుప్పటి మీద చాలా దూరం నడిపించింది.

"మొదట్నుంచీ మీ వెనకాలే వస్తా ఉండానంటాది," అంది ఛాయాదేవి.

కిరణ్మయి పాచిక తెచ్చి ఆ చేతిలోనే పెట్టింది. అది దుప్పటి మడతల్లో దొర్లి ఆగింది. అంకె చాలింది. పడబోతున్న బండలన్నీ గాలిలోనే తెల్లబడి, పలచబడి, మంచుపొగై తల మీదుగా తేలిపోయాయి. కిరణ్మయి చెబుతుంటే ఆ గదిలో గోడలు కూడా కాస్త వెనక్కి జరిగినట్టు అనిపించింది. రత్నమ్మ కళ్ళు మూసుకుని ఆ చల్లదనంలో చాలాసేపు ఉండిపోయింది.

అప్పటినుంచి ఆట కిందనే. నాలుగేళ్ళపాటు ప్రతి ఆదివారం రత్నమ్మ వేళ్ళతో ఆడింది, ఛాయాదేవి నోరైంది. రత్నమ్మ తన మనిషికి పేరు పెట్టుకోలేదు. నదులు దాటింది, ఒకసారి రాణితో తగువు పడింది. మధ్యలో ఎవరైనా బంధువులొస్తే చేయెత్తి ఆపేది. "ఆట అయ్యేదాకా ఉండమంటాది" అని ఛాయాదేవి చెబితే, వాళ్ళు స్టూలు లాక్కుని కూర్చోవాల్సి వచ్చేది.

2006లో ఒక ఉదయం రత్నమ్మ నిద్రలోనే పోయింది. ఆ తర్వాత కిరణ్మయి ఊరి చివర కాడుగోడికి మారింది. రెండు నెలలాగి ఆటకు రమ్మని కబురు చేస్తే ఛాయాదేవి రెండు బస్సులు మారి వెళ్ళింది. ఈసారి మెట్టు మీద కాదు, చాప మీదే కూర్చుంది.

"మంత్రం ఏది తీసుకుంటారక్కా?" అంది నవ్య.

ఛాయాదేవి పుస్తకమంతా తిరగేసి, ఉత్తికాళ్ళతో నడిచిన చోటల్లా గడ్డి మొలిపించే చిన్న మంత్రం చూపించింది.

"దాంతో ఎవర్నీ కొట్టలేం కదక్కా," అన్నాడు లలిత్.

"కొట్టేదానికి నువ్వుండావు కదప్పా."

కిరణ్మయి కథ మొదలుపెట్టింది. ఎదురుగా ఎండిపోయిన పెద్ద కొండ. కిందినుంచి పైదాకా రాళ్ళే. ఏం చేస్తారని అడిగింది.

"చెప్పులు విడుస్తాను," అంది ఛాయాదేవి.